మా నాన్న బోర్డు, మా అమ్మ బండ

రిటైరయ్యాక మా నాన్నకి ఒకే ఒక్క కోరిక మిగిలింది. మా ఊళ్ళో ఒక నీలం బోర్డు ఉండాలి. నీలం రేకు మీద తెల్లటి అక్షరాలతో, ఇది రక్షిత స్థలం, పాడు చేసినవారు శిక్షార్హులు అని పురావస్తు శాఖవాళ్ళు పాతుతారే, ఆ బోర్డు. మా అమ్మ పుట్టిల్లు తుళ్లూరు పక్కన ఒక పల్లె. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నాన్న పని కల్పించుకుని అమరావతి దాకా వెళ్ళి, స్తూపాన్ని ఒక చుట్టు చుట్టి, మిగతా సమయమంతా ఆ బోర్డు ముందు నిలబడేవాడు. మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో జీవితమంతా హెడ్మాస్టరుగా చేసిన మనిషి కదా, శిక్షార్హులు అన్న మాట దగ్గర ఆగి తల ఊపేవాడు. చరిత్ర మీద ఆయనకి గౌరవం కలగడానికి సగం కారణం ఆ మాటే అని నా అనుమానం.

మా ఊరు సత్తెనపల్లికీ పిడుగురాళ్లకీ మధ్యలో ఉంటుంది. అటువైపు నుంచి గాలి వీస్తే సున్నపు బట్టీల పొగ, ఇటువైపు నుంచి వీస్తే మిరపకాయల ఘాటు. ఒక జిన్నింగు మిల్లు, ఒక సినిమా హాలు, ఒక చర్చి, ఒక రామాలయం, డ్రైవరుకి దయ కలిగితే బస్సు ఆగే ఒక స్టేజీ. ఎనభైల్లో ఊరంటే అంతే. పక్క ఊళ్ళకి కోటలున్నాయి, స్తూపాలున్నాయి, యుద్ధాలు జరిగిన మైదానాలున్నాయి. మా ఊళ్ళో ఎవరూ యుద్ధం కూడా చేయలేదు. అది నాన్నకి చాలా అవమానంగా ఉండేది.

దానికి తోడు మా మామయ్య. అమ్మకి అన్నయ్య. తుళ్లూరు నుంచి వచ్చి మా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేవాడు.

"ఏం బావా, మీ ఊళ్ళో చూడ్డానికేమన్నా పుట్టిందా, ఇంకా మిరపకాయలేనా?"

ఆ పూట నాన్న పెరుగన్నం తినకుండా లేచిపోయేవాడు. మామయ్య ఆ పెరుగు కూడా తనే వేసుకుని తినేవాడు.

అప్పటికి నేను గుంటూరులో డిగ్రీ పూర్తి చేసి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఖాళీగా ఉన్న ఆడపిల్లని ఎవరు ఏ పనికైనా వాడుకోవచ్చని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. అమ్మ నన్ను మిరపకాయల తొడిమలు తీయడానికి వాడుకునేది. నాన్న చరిత్రకి వాడుకునేవాడు. చరిత్రలో నా ఉద్యోగం కొలత టేపు రెండో కొస పట్టుకుని ఎండలో నిలబడటం.

మొదట మాకు ఫిరంగి దొరికింది. జిన్నింగు మిల్లు వెనక ముళ్ళకంపల్లో సగం భూమిలో కూరుకుపోయి, తుప్పు పట్టిన ఇనప గొట్టం ఒకటి ఉండేది. నాన్న దాని చుట్టూ తిరిగి, లోపలికి చెయ్యి పెట్టి, వాసన చూసి, ఇది ఫ్రెంచివాళ్ళది అని తేల్చాడు. ఫ్రెంచివాళ్ళదే ఎందుకని అడిగాను. ఇంగ్లీషువాళ్ళదైతే వదిలిపెట్టి పోయేవాళ్ళు కాదు అన్నాడు. ఆ తర్కానికి నా డిగ్రీ దగ్గర జవాబు లేదు. కంపలు కొట్టించి, తన పాత విద్యార్థులందర్నీ పిలిచి దాని ముందు ఉపన్యాసం ఇస్తుండగా మిల్లు యజమాని చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. విని, "మాస్టారూ, అది మా పాత బాయిలరు పొగగొట్టం. మీకు కావాలంటే పట్టుకెళ్ళండి, మాకు అడ్డంగా ఉంది" అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో నాన్న రెండుసార్లు ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఆ తరవాత, "ఫిరంగినే తెచ్చి పొగగొట్టంగా వాడుకున్నారేమో, ఎవరు చూశారు" అన్నాడు.

తరవాత సొరంగం. మా జిల్లాలో ప్రతి ఊరికీ కొండవీటి కోటకి వెళ్ళే సొరంగం ఒకటి ఉంటుంది. అవన్నీ నిజమైతే కొండవీడు ఈపాటికి భూమిలోకి దిగిపోయి ఉండేది. మా ఊరి సొరంగం తూర్పు దిబ్బ పక్కన ఉందని నాన్న కనిపెట్టి, టార్చిలైటు పళ్ళతో పట్టుకుని అందులోకి దూరాడు. నడుం దాకా దూరాడు. అక్కడ కొండవీడు ఆగిపోయింది. పత్తి తీయడానికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళని కేకేసి, ముగ్గురం కలిసి కాళ్ళు పట్టి లాగాం. ముందు పంచె వచ్చింది, తరవాత నాన్న వచ్చాడు. ఆయన చేతిలో ఏదుపంది ముల్లు ఒకటి ఉంది. సైనికుల బాణం కావచ్చు అన్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు అటు తిరిగి నవ్వుకున్నారు. నేను ఇటు తిరిగి నవ్వుకున్నాను. అమ్మ మాత్రం ఆ బాణాన్ని కడిగి, పాపిట తీసుకోవడానికి అద్దం దగ్గర పెట్టుకుంది.

చరిత్ర మీద అమ్మకి ఉన్న అభిప్రాయం ఒకటే, అది బట్టల్ని పాడు చేస్తుందని. ఈ తూర్పు దిబ్బ ఎర్రమన్ను పంచెకి అంటితే వదలడానికి ఎంత బాదాలో నాన్నకేం తెలుసు. ఆదివారం చర్చిలో నాన్న పంచె మల్లెపూవులా ఉంటుందని పేరు. పాస్టరుగారి అంగీ కూడా దాని పక్కన కాస్త వెలిసినట్టు ఉంటుందని ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ పేరు రావడానికి కారణం తన చేతులు కాదని, తన బండ అని అమ్మ అనేది.

ఆ బండ మా పెరట్లో బావి పక్కన ఉండేది. మోకాలెత్తున, మంచమంత పొడుగున, బూడిద రంగులో, మీద చెయ్యి వేస్తే వేసవిలో కూడా చల్లగా తగిలేది. అమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఉన్నది గరుకు రాయి. దాని మీద బాదితే కొత్త చీర చిరిగిందట. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి వాళ్ళ నాన్నకి చెప్పి ఏడ్చిందట.  పంటలయ్యాక తాత తమ చేలో గట్టు మీద ఎప్పటినుంచో పడున్న బండని ఎత్తించి, ఎడ్లబండి మీద కూతురికి పంపించాడు. ఆ తరవాత ఆయన ఎక్కువకాలం బతకలేదు. పుట్టింటి నుంచి వచ్చినవాటిలో బిందెలు సొట్టలు పడ్డాయి, చీరలు పాతబడ్డాయి, బండ ఒక్కటే మిగిలింది. అమ్మ దాన్ని బండ అనేది కాదు. మా నాన్న బండ అనేది. రోజూ వినే మాట కాబట్టి అది నాన్న చెవిలోకి వెళ్ళడం ఎప్పుడో మానేసింది.

ఆ యేడు చలికాలం వెళ్ళిపోతుండగా పెరట్లో నీళ్ళు పోయే కాలవ పూడిపోయి, బాగు చేయడానికి బండని పక్కకి ఒరిగించాల్సి వచ్చింది. ఒరిగిస్తే, ఇన్నాళ్ళూ గోడవైపు ఉన్న అంచు మీద ఏవో గీతలు కనపడ్డాయి. కింద సగం తామరపువ్వు చెక్కి ఉంది. నాన్న మట్టి తుడిచి, కళ్ళజోడు సర్దుకుని, వంగి చూసి, ఇంట్లోకి కేకేశాడు.

"ఇదిగో, ఇలా రా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో అమ్మ పేరు ఇదిగో. భర్త పేరు భార్య పలకకపోవడం ఆ రోజుల్లో మామూలే. మా నాన్న ఆ నియమం తనకి కూడా పెట్టుకున్నాడు. ఆయన నోటి నుంచి అమ్మ పేరు నేను ఎన్నడూ వినలేదు. ఎదురుగా ఉంటే ఇదిగో, వంటింట్లో ఉంటే గట్టిగా ఇదిగో, ఊళ్ళో లేకపోతే మా అమ్మాయి వాళ్ళమ్మ. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తూ అమ్మ పేరు చెప్తే, నాన్న ఆమెన్ ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. ఎవరి గురించో అర్థం కావడానికి ఆయనకి అంత టైము పట్టేదనుకుంటాను.

అమ్మ వచ్చి చూసింది. ఆ గీతల్లో ఒకటి గొడుగులా ఉంది, ఒకటి నిచ్చెనలా ఉంది, కొన్ని సున్నాలు, కొన్ని చుక్కలు.

"ఎవరో పిల్లలు గీకినట్టున్నారండి" అంది.

"శాసనం" అన్నాడు నాన్న. "రాజశాసనం. ఏ మహారాజో మన పెరట్లో విడిది చేశాడు."

"మన పెరట్లోనా? ఎందుకు?"

దానికి నాన్న జవాబు సాయంత్రానికి తయారైంది. యుద్ధానికి వెళ్తూ ఆగాడు. బావి నీళ్ళు తాగాడు. నచ్చాయి. శాసనం వేయించాడు. నాలుగు రోజులు గడిచేసరికి ఏనుగులు కూడా వచ్చాయి. మా బావి తవ్వించింది మా నాన్నవైపు తాతయ్య అని నాన్నకి గుర్తు చేయబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

అమ్మకి కావలసింది వేరు.

"అయితే తీసుకుపోతారా?"

"ఎందుకు తీసుకుపోతారు? ఇక్కడే ఉంచి బోర్డు పాతుతారు."

"బోర్డు పాతితే బట్టలెక్కడ ఉతకాలి?"

"దాని మీద మాత్రం ఉతకడానికి వీల్లేదు. ఉతికినవారు శిక్షార్హులు" అన్నాడు నాన్న, ఆ మాట సొంత ఇంట్లో వాడే అవకాశం వచ్చినందుకు మురిసిపోతూ.

"మా నాన్న పంపించిన బండ మీద నేను బట్టలుతికితే నాకు శిక్షా?"

"అది మీ నాన్న బండ కాదు. చరిత్ర."

"సరే, చరిత్రనే వచ్చి మీ బనీన్లు ఉతకమనండి" అంది అమ్మ.

ఆ రోజు నుంచి యుద్ధం చేయని మా ఊళ్ళో యుద్ధం మొదలైంది. నాన్న గీతలున్న అంచు బయటికి కనపడేలా బండని తిప్పి వేయించి, పురావస్తు శాఖకి ఉత్తరం రాశాడు. బోర్డు స్తంభం కోసం బండ పక్కనే స్వయంగా గొయ్యి తవ్వాడు. పొద్దున్నే గొడుగు పట్టుకుని వచ్చి బండకి కాపలా కూర్చునేవాడు. అమ్మ బకెట్టు తెచ్చి ఆయన కళ్ళ ముందే ఉతికేది. "ఏనుగులు నిలబడిన బండ మీద మీ లుంగీ బాదుతున్నాను, చూసుకోండి" అనేది. రోజూ నవ్వుకునేదాన్ని గానీ, ఒకరోజు అందరూ లోపలికి వెళ్ళాక అమ్మ ఆ బండ మీద ఊరికే చెయ్యి వేసి కూర్చుని ఉండటం చూశాను. అప్పుడు మాత్రం నాకు నాన్న మీద ఒళ్ళు మండింది.

ఆఫీసరు వస్తున్నట్టు జవాబు వచ్చింది. కల్లాల్లో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో, ఒక శనివారం. నాన్న ఆ సంగతి చర్చిలో ప్రకటన చేయించాడు. పెళ్ళి ప్రకటనలు చదివాక పాస్టరుగారు, మన మాస్టారుగారి బండని చూడటానికి ప్రభుత్వంవారు వచ్చుచున్నారు, సంఘస్థులందరూ సహకరించగలరు అని చదివారు. ఆ సహకారం అన్న మాటే కొంప ముంచింది. అదే రోజుకి రమ్మని నాన్న మామయ్యకి కూడా కార్డు రాశాడు. మామయ్య ముందు ఆ బోర్డు గురించి మాట్లాడుతూ పెరుగన్నం తినాలని ఆయన ఆశ.

శనివారం పొద్దున్నే నాన్నా నేనూ సత్తెనపల్లి బస్టాండుకి ఎదురెళ్ళాం. ఆఫీసరు ఇంగ్లీషులో మాట్లాడితే పక్కన ఒక డిగ్రీ ఉండాలని నాన్న నన్ను తీసుకెళ్ళాడు. తీరా చూస్తే ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు, చక్కటి తెలుగులో మాట్లాడాడు. మాట్లాడింది కాసేపే. బస్సు సత్తెనపల్లి దాటి కల్లాల మధ్యకి రాగానే తుమ్ములు మొదలయ్యాయి. రోడ్డుకి రెండువైపులా కనుచూపు మేరా ఎర్రగా మిరపకాయలు. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మీరంతా ఇక్కడెలా ఉంటున్నారండీ?" అన్నాడు.

"ఎందుకండీ, ఏమైంది?" అన్నాడు నాన్న, నిజంగానే అర్థం కాక.

బస్సు దిగి మా వీధిలోకి తిరిగాం. తిరగ్గానే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. వీధి వీధంతా తెల్లగా మెరిసిపోతోంది.

మా వీధిలో క్రిస్మస్‌కి తప్ప సున్నం కొట్టరు. క్రిస్మస్ కాకుండా సున్నం కొట్టారంటే ఆ ఇంట్లో పెళ్ళన్నమాట. పెద్దమనిషి వస్తున్నాడంటే గౌరవం చూపించడానికి మావాళ్ళకి తెలిసిన దారి ఒకటే. పిడుగురాళ్ల బట్టీ సున్నం నానబెట్టి, తెలుపు తేలడానికి కాస్త నీలిమందు కలిపి, మేం ఊళ్ళో లేని ఆ నాలుగు గంటల్లో సంఘం మొత్తం కలిసి గోడలకి, అరుగులకి, వేపచెట్ల మొదళ్ళకి, వీధి కుళాయికి, అన్నింటికీ వేసేశారు. అమ్మ అప్పుడు చర్చిలో స్త్రీల సమాజంతో కలిసి ఆఫీసరుకి ఫలహారాలు చేస్తోంది. ఇంటి దగ్గర ఎవరూ లేరు.

నాన్న పెరటి తలుపు తీశాడు.

బావి పక్కన తెల్లటి పెట్టెలాంటిది ఒకటి ఉంది. చుట్టూ ఎర్రమట్టితో అంచు దిద్దారు. పక్కన సంఘ పెద్ద ఒకాయన పీచు కుంచె పట్టుకుని, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

"శాసనం ఎక్కడండీ?" అన్నాడు ఆఫీసరు.

నాన్న ఆ తెల్లటి పెట్టె వైపు తిరిగాడు. వేలు చూపించాడు.

"దీనికి రెండు పూతలు వేశామండి మాస్టారూ" అన్నాడు సంఘ పెద్ద. "ఈ అంచు మీద గుంటలు గుంటలుగా ఉండి బాగాలేదు. అక్కడ మాత్రం చిక్కగా పట్టించాం. ఇప్పుడు చూడండి, నున్నగా ఎలా ఉందో."

నాన్న వెళ్ళి బావి గట్టు మీద కూర్చున్నాడు. ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండేది. స్కూల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి తిట్టిన మనిషి, ఒళ్ళో చేతులు పెట్టుకుని తను తవ్విన గోతికేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని నాకు భయమేసింది. బండ విషయంలో ఆయన మీద ఉన్న కోపమంతా ఎటో పోయింది. ఒక్క రేకు బోర్డు, ఈయనకిస్తే ఎవరి సొమ్మేం పోతుంది అనిపించింది.

అప్పుడు అమ్మ వచ్చింది. చేతిలో గారెల పళ్ళెం ఉంది. ఆఫీసరుకి నమస్కారం పెట్టడానికి వంగబోయి బండని చూసింది. పళ్ళెం నా చేతిలో పెట్టింది.

"నా బండకి సున్నం కొట్టిందెవరు?"

సంఘ పెద్ద కుంచె వెనక్కి దాచుకున్నాడు.

"దీని మీద రేపు ఆదివారానికి బట్టలు ఉతకాలి. చేతులకి సున్నం పొక్కుతుంది, బట్టలకి మరకలు పడతాయి. ఒక్కరికన్నా బుద్ధుందా?" అంటూనే చీర చెంగు దోపి, బావిలోంచి చేద లాగి, నీళ్ళు గుమ్మరించి, కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టింది. కోపంలో ఉన్నప్పుడు అమ్మ తోముడు మామూలుగా ఉండదు.

"అమ్మా, ఆగండి, ఆగండి, అలా తోమకూడదు" అని ఆఫీసరు పరుగెత్తాడు. పరుగెత్తి, నాన్న తవ్విన గోతిలో ఒక కాలు వేసి, లేచి, తుమ్మి, మళ్ళీ పరుగెత్తాడు. బండ దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి ఆగిపోయాడు.

పచ్చి సున్నం కదా, నున్నటి రాయి మీద నుంచి ఇట్టే వదిలిపోయింది. గీతల్లో చిక్కగా పట్టించింది మాత్రం కదల్లేదు. బూడిద రంగు రాయి మీద ఆ గొడుగులూ నిచ్చెనలూ సున్నాలూ, ఎవరో పలక మీద బలపంతో రాసినట్టు, తెల్లగా, ఒక్కొక్కటీ విడివిడిగా బయటపడ్డాయి.

"ఇంత స్పష్టంగా ఉన్న శాసనం నేనెక్కడా చూడలేదు" అన్నాడు ఆఫీసరు. సంఘ పెద్ద కుంచె మళ్ళీ ముందుకి తెచ్చుకున్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలోకి ఏనుగులు తిరిగి వచ్చాయి. సరిగ్గా అప్పుడే మామయ్య పెరటి గుమ్మంలో చెప్పులు విడిచాడు.

"ఏం బావా, మీ ఊళ్ళో చూడ్డానికేదో పుట్టిందని రాశావు" అంటూ వచ్చి బండ చూశాడు. చూసి అమ్మ వైపు తిరిగాడు. "ఓసినీ, ఇది మన చేలో గట్టు మీది బండ కదే. నాన్న బండికెత్తించాడు. ఎత్తేటప్పుడు నా కాలి మీద కూడా పడింది."

"నేను రోజూ చెప్తూనే ఉన్నా అన్నయ్యా. మా నాన్న బండ అని" అంది అమ్మ.

ఆ మాట నాన్న చెవిలోకి మొదటిసారి వెళ్ళడం నేను చూశాను.

"మీ చేను ఎక్కడండీ?" అన్నాడు ఆఫీసరు మామయ్యతో. తుళ్లూరు పక్కన అని మామయ్య చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "అదీ సంగతి. అమరావతి స్తూపం రాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లోకి చాలా చేరాయి. సగం సున్నపు బట్టీల్లో కాలిపోయాయి." తరవాత నాన్న వైపు తిరిగాడు. "అయితే మాస్టారూ, ఇది మీ ఊళ్ళో దొరికింది కాదన్నమాట?"

నాన్న ఆ నిమిషంలో ఒక్క అబద్ధం ఆడి ఉంటే బోర్డు వచ్చి ఉండేదేమో నాకు తెలియదు. ఆడలేదు.

"కాదండి" అన్నాడు. "మా పెళ్ళైన ఏడు బండి మీద వచ్చింది."

మామయ్యకి పండగ. "చూశావా బావా, మీ ఊళ్ళో దొరికిన చరిత్ర కూడా మా ఊరి నుంచి రావాల్సిందే" అన్నాడు.

బోర్డు వచ్చే వీల్లేదని ఆఫీసరు మెల్లగా చెప్పాడు. రాయి దాని అసలు చోట లేదు కాబట్టి మ్యూజియానికి తీసుకెళ్ళాలట. అమ్మ వెళ్ళి బండ మీద కూర్చుంది.

"ఇవ్వనండి. మా నాన్న నాకోసం పంపించాడు. రాజుగారిదైతే రాజుగార్నే వచ్చి అడగమనండి."

"రాజుగారిది కాదమ్మా" అన్నాడు ఆఫీసరు. అమ్మ కాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని, ఆ తెల్లటి అక్షరాల మీద వేలు కదుపుతూ చదివి, అర్థం చెప్పాడు. "ఫలానా ఇంటి యజమాని ఇల్లాలు, తన కూతుళ్ళతో, కోడళ్ళతో, చెల్లెళ్ళతో కలిసి, ఈ రాయిని స్తూపానికి దానం ఇచ్చింది. అంతే ఉందమ్మా."

 నాన్న ఏనుగులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

"ఇల్లాలా?" అంది అమ్మ.

"అవునమ్మా. మీలాంటి ఆవిడే."

"కోడళ్ళు కూడా ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నట్టే రాసి ఉంది."

"ఆవిడ పేరేంటండి?"

ఆఫీసరు అంచు చివర చూపించాడు. అక్కడ రాయి పెచ్చు ఊడి ఉంది. "పేరు ఉండాల్సిన చోట పోయిందమ్మా. భర్త పేరు మాత్రం ఉంది."

"అంతేలెండి" అంది అమ్మ.

 తరవాత లేచి, కొంగుతో బండ మీద తడి తుడిచింది. మూలలు కూడా తుడిచింది.

"అయితే ఇది మా నాన్నదీ కాదన్నమాట. ఆ మహాతల్లి దేవుడికిచ్చేసిన వస్తువు. మధ్యలో మేం ఉతుక్కున్నాం. తీసుకెళ్ళండి" అంది. గొంతు మామూలుగానే ఉంది, నాకే దుఃఖం వచ్చింది. "అక్కడ మాత్రం ఎవర్నీ సున్నం కొట్టనివ్వకండి. ఉండండి, టీ పెడతాను."

అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే ఆఫీసరు ఒక చిన్న సంగతి అడిగాడు. మ్యూజియంలో రాయి కింద దాత పేరు రాస్తారట, ఎవరి పేరు రాయమంటారని. మామయ్య వెంటనే తమ నాన్న పేరు చెప్పాడు, చేను ఆయనది కాబట్టి. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన పేరు, వెనక రిటైర్డు హెడ్మాస్టరు, ఆ వెనక మా ఊరి పేరు, అంతా ఆయన వారం రోజులుగా నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్నాడని నాకు తెలుసు. బోర్డు పోయినా కనీసం అదన్నా మిగులుతుంది. నోరు తెరిచాడు. ఆ పెచ్చు ఊడిన మూల వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"బండ మా ఇంటావిడదండి" అన్నాడు.

"ఆవిడ పేరు చెప్పండి."

నాన్న నా వైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశాడు. నేను చేతిలో ఉన్న గారెల పళ్ళెం కేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన మామయ్య వైపు చూశాడు. మామయ్య, ఆయన జీవితంలో మొదటిసారి, ఏమీ మాట్లాడలేదు.

నాన్న నిటారుగా నిలబడ్డాడు. స్కూల్లో హాజరు పిలిచేటప్పటి గొంతు ఆయనకి ఒకటి ఉండేది, చివరి బెంచీ దాటి బయట మైదానం దాకా వినపడేది. ఆ గొంతుతో, ఇంటిపేరుతో సహా, అమ్మ పేరు పలికాడు.

"ఆఁ, వస్తున్నా అన్నయ్యా" అంది వంటింట్లోంచి అమ్మ.

గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని గబగబా వచ్చింది. "ఎందుకు పిలిచావు?" అంది మామయ్యతో.

"నేను పిలవలేదమ్మా" అన్నాడు మామయ్య.

అమ్మ ఆఫీసరు వైపు చూసింది, నా వైపు చూసింది. చివరికి నాన్న వైపు చూసింది. ఆయన తను తవ్విన గోతిలోకి వంగి, అందులో ఏదో పడిపోయినట్టు వెతుకుతున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. అమ్మ గ్లాసులతో మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి టీ పోసి తెచ్చింది. ఆ టీలో చక్కెర వేయడం మర్చిపోయింది. ఎవరూ ఆ మాట అనలేదు, ఆఫీసరు కూడా మొత్తం తాగేశాడు.

బండ వెళ్ళిపోయింది. నాన్న పిడుగురాళ్ల వైపు నుంచి కొత్త బండ తెప్పించాడు. అది అమ్మకి ఎప్పుడూ నచ్చలేదు, ఆదివారం పంచె తెలుపు కూడా ఒక పిసరు తగ్గిందని అందరూ అన్నారు. ఆ తరవాత నాన్న అమ్మని మళ్ళీ పిలిచింది ఇదిగో అనే. కానీ గొయ్యి మిగిలిపోయింది కదా. ఒకరోజు నూనె డబ్బా రేకు సాగదీసి, దానికి నీలం రంగు వేసి, స్తంభానికి కొట్టి, ఆ గోతిలో పాతాడు. బలపంతో రాసుకుని తెల్ల రంగుతో దిద్దాడు. ఈ స్థలమున ఫలానా గారి బండ ఉండెను, పాడు చేసినవారు శిక్షార్హులు. ఫలానా అన్నచోట అమ్మ పేరు ఉంది, పక్కన గారు కూడా ఉంది. నాన్న పేరు ఎక్కడా లేదు.

"ఇక్కడ ఏముందని పాడు చేయడానికి" అంది అమ్మ, చదివి. అని, దాని మీద ఒక మేకు కొట్టించుకుని సబ్బు పెట్టె తగిలించుకుంది. నాన్న పోయాక ఆ బోర్డుకి తనే పెయింటర్ని పిలిపించి రెండుసార్లు రంగు వేయించింది, నీలమే.

అమ్మ పేరు నేనిక్కడ రాయడం లేదు. అది పలికే హక్కు ఆ రోజు ఆ పెరట్లో ఉన్నవాళ్ళకే వదిలేశాను. కావాలంటే మా ఊరు వచ్చి చదువుకోవచ్చు. సబ్బు పెట్టె కాస్త పక్కకి జరపాలి, చదివాక మళ్ళీ అక్కడే పెట్టాలి.